పదకొండు కొట్లు

ఆ ఎండాకాలం మొదట్లో నేను ఆఫీసు మెట్లు దిగుతూ, ఆఖరి మెట్టు ఇంకా మిగిలి ఉందన్న సంగతి మరిచిపోయి కాలు విరగ్గొట్టుకున్నాను. మడమ దగ్గర ఎముక చిట్లింది, రెండు నెలలు కాలు కింద పెట్టడానికి వీల్లేదన్నాడు డాక్టరు. తర్వాత జరిగినదంతా ఆ ఒక్క మెట్టుతోనే మొదలైంది కాబట్టి, ఎవర్ని తిట్టుకోవాలన్నా ముందు నన్ను నేనే తిట్టుకోవాలి. అయితే ఒక్క మనిషితో తిట్లు ఆపే స్వభావం కాదు నాది.

నా ఉద్యోగం ఏమిటో చెబితే చాలామంది నవ్వుతారు. ప్రతి మంగళవారం పొద్దున్నే బజారుకి వెళ్ళి, పదకొండు కొట్లలో నలభై వస్తువుల ధరలు అడిగి కాగితం మీద రాసుకు రావడం. బియ్యం, నూనె, సబ్బు, ఉల్లిపాయలు, దుప్పటి. ఏదీ కొనను. కొట్టు మారకూడదు, రకం మారకూడదు, తూకం మారకూడదు. ఆ కాగితాలన్నీ కూడి, భాగించి, మా ధరల ఆఫీసు నెలకో అంకె తీస్తుంది. మా ఊళ్ళో బతకడం ఎంత ప్రియమైపోయిందో చెప్పే అంకె అది. నూలు మిల్లులో జీతాలకీ, మిల్లులో చేసి రిటైరైనవాళ్ళ పెన్షన్లకీ ఆ అంకెతో ఎప్పుడో ముడి వేశారు. ఆరు నెలల్లో సగటు అయిదు పాయింట్లు దాటి పెరిగితే కరువు భత్యం, అదే డీఏ, పెరుగుతుంది. దాటకపోతే పాతదే. అయిదుకి ఆవగింజంత తక్కువైనా పాతదే.

మా నాన్న ఆ మిల్లులో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి మేస్త్రీగా రిటైరయ్యాడు. అమ్మ పోయాక ఇంట్లో నేనూ నాన్నే. ఆయన పెన్షనూ, నా టెంపరరీ జీతమూ కలిపితే నెల గడిచేది. టెంపరరీ అంటే ఏదో నిన్నా మొన్నా చేరినదాన్ని కాదు. పన్నెండేళ్ళుగా టెంపరరీని. రెండు నెలలు కనిపించకపోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటారు.

మూడో రోజు మా ఆఫీసు సూపరింటెండెంటు ఇంటికి వచ్చాడు. అందరూ పెద్దసారు అంటారాయన్ని. చేతిలో పళ్ళ సంచీ. నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కాలి కట్టు వంక చూసి నిట్టూర్చాడు.

"కాలు సంగతి పైకి రాయకు. రాస్తే నీ బదులు ఇంకొకర్ని పెట్టమంటారు. ఎక్కినవాడు మళ్ళీ దిగుతాడా?" అన్నాడు.

"మరి మంగళవారం ఎవరు వెళ్తారు సార్?"

"ఇంట్లో ఎవరున్నారు?"

"నాన్న."

"రాయడం వచ్చుగా. ఆయన్ని పంపు. కాగితం మీద సంతకం నువ్వు పెట్టు. నీ పర్మినెంటు ఫైలు నా బల్ల మీదే ఉంది, ఇలాంటప్పుడు లేనిపోని గొడవెందుకు?"

పన్నెండేళ్ళలో నన్ను చూడడానికి మా గడప తొక్కిన మొదటి ఆఫీసు మనిషి ఆయన. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కన్నీళ్ళకి ఒళ్ళు మండుతుంది.

నాన్న సంబరం చూడాలి. ఆరేళ్ళుగా పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేని మనిషి, సోమవారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. రెండు పెన్నులు జేబులో పెట్టుకున్నాడు. ఒకటి రాయకపోతే ఇంకొకటి అట. బజారు బొమ్మ గీసి, ఏ కొట్టులో ఏది అడగాలో నేను గుర్తులు పెట్టి ఇచ్చాను.

"ఏం చూడాలో చెప్పు" అన్నాను.

"అదే కొట్టు, అదే రకం, అదే తూకం. నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు.

మూడుసార్లు చెప్పించుకున్నాను. చెప్పాల్సినవన్నీ చెప్పేశాననే అనుకున్నాను.

మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు, వెంట టైమ్‌కీపర్ మావయ్యని తీసుకుని. నాన్నతోపాటు మిల్లులో చేసి రిటైరైన మనిషి. చుట్టం కాదు గానీ చుట్టాలకంటే ఎక్కువ. నన్ను పుట్టినప్పటినుంచీ "కోడలు పిల్లా" అనే పిలుస్తాడు. డెబ్భై ఒకటో ఏట బజారు మధ్యలో ఉన్న పెద్ద బట్టల కొట్లో తలుపు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. నా పదకొండు కొట్లలో ఆఖరిది అదే. మధ్యాహ్నం అరగంట తిండికి వదులుతారు. మిగతా పదిగంటలూ నిలబడే ఉండాలి. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ కాపలావాడు కూర్చోకూడదని యజమాని షరతు.

వచ్చీ రాగానే చెప్పులు విప్పి, వాచిపోయిన పాదాలు నీళ్ళ బకెట్లో పెట్టుకున్నాడు.

"చూశావా కోడలు పిల్లా. ముప్ఫై అయిదేళ్ళు నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటే మిల్లు మిల్లంతా నా ముందు నిలబడి లోపలికి పోయేది. ఇప్పుడు నేను నిలబడితే ఊరు ఊరంతా లోపలికి పోతోంది. పాత బాకీ తీరుస్తున్నాను" అన్నాడు.

"నువ్వు ఆలస్యం అని గీత కొట్టినవాళ్ళ ఉసురే అది" అన్నాడు నాన్న.

"నీకు పదకొండుసార్లు కొట్టాను. నీ ఉసురు తగలలేదే?"

"నాది నిదానంగా తగులుతుందిలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత మావయ్య నా వైపు తిరిగి, నవ్వు లేకుండా అడిగాడు. "ఈసారి అయిదు దాటుతుందా? డీఏ పడితే నాకు ఇంటద్దె పోను నెలకి సరిపోతుంది. ఈ నిలబడే ఉద్యోగం మానేస్తాను. నువ్వు ఆఫీసులో ఉన్నదానివి, నీకు తెలుస్తుంది."

ఆ ఆరు నెలల్లో మొదటి నాలుగు నెలలూ ధరలు రాసింది నేనే. నూనె, బియ్యం, పప్పు, అన్నీ పరుగులు పెట్టాయి. "దాటేలాగే ఉంది మావయ్యా" అన్నాను.

ఆయన బకెట్లోంచి కాళ్ళు తీసి, తువ్వాలుతో వేలు వేలుకీ తుడుచుకున్నాడు. అరగంట అయిపోవస్తోంది, మళ్ళీ చెప్పులు పట్టలేదు. వెనక పట్టీ మడతపెట్టి తొక్కుకుంటూ వెళ్ళాడు.

అలా ఎనిమిది మంగళవారాలు గడిచాయి. నాన్న తెచ్చిన కాగితాలు నేను చూడలేదని కాదు, చూశాను. నేననుకున్నదానికంటే కాస్త తక్కువగా ఉన్నాయి. వేసవిలో పంట వచ్చిందేమో, తగ్గాయేమో అనుకున్నాను. మంచం మీద పడుకున్న మనిషికి బజారు ఎంత దూరమో అప్పుడు తెలియలేదు. చక్కటి గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి ఉన్న ఆ కాగితాల కింద సంతకాలు పెట్టి పెద్దసారుకి పంపించాను.

తొమ్మిదో మంగళవారం కట్టు విప్పారు. కర్ర పట్టుకుని నేనూ నాన్న వెంట బయల్దేరాను. దారిపొడుగునా ఆయన్ని పలకరించనివాడు లేడు. "మేస్త్రీ గారూ" అంటూ కొట్లోంచే చేతులు ఊపుతున్నారు. పన్నెండేళ్ళలో నన్ను ఒక్కడూ పలకరించలేదు. ఆ మర్యాద చూసి గర్వపడ్డాను కూడా.

నూనె కొట్టు దగ్గర ఆగాం.

"నూనె ఎంత?" అన్నాడు నాన్న.

"నూట అరవై అండీ."

"పోయిన వారం నూట యాభై రెండన్నావు."

"అది మీకు."

"ఇప్పుడు అడుగుతున్నది మీ తాతా? నేనేగా."

"డబ్బాకే నూట యాభై అయిదు పడుతోంది మేస్త్రీ గారూ."

"ఏ డబ్బాకి? నా దగ్గర కబుర్లా? పక్క వీధిలో నూట నలభై ఎనిమిదికి ఇస్తున్నాడు. పైగా తూకం సరిగ్గా వేస్తాడని కూడా అంటున్నారు."

కొట్టువాడు నవ్వుతూ రెండు చేతులూ జోడించాడు. "మీతో నా వల్ల కాదు. నూట యాభై రాసుకోండి."

నాన్న నా వైపు ఒకసారి గొప్పగా చూసి, జేబులోంచి పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో నూట యాభై అని రాసుకున్నాడు. కొట్టువాడికి మాత్రం ఏం పోయింది? కొనేవాడైతే చిల్లిగవ్వ తగ్గించడు. రాసుకుపోయేవాడికి ఎంత తగ్గిస్తే ఏం? పెద్దాయన సంతోషిస్తాడు, అంతే కదా.

మేము రాయాల్సింది అందరికీ అమ్మే ధర. దారినపోయే మనిషి వచ్చి, మారు మాట్లాడకుండా ఎంత ఇచ్చి పట్టుకెళ్తాడో ఆ ధర. ఈ ముక్క నాన్నకి నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పన్నెండేళ్ళలో నాకెప్పుడూ ఆ ఊహే రాలేదు. బేరమాడాలంటే నాకు చచ్చేంత సిగ్గు. ఎంత చెబితే అంత ఇచ్చేసి వస్తానని నాన్న చిన్నప్పటినుంచీ నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆయనేమో బేరమాడకుండా అగ్గిపెట్టె కూడా కొని ఎరగడు.

"అన్ని కొట్లలోనూ ఇలాగేనా నాన్నా?" అని అడిగాను.

"మరి? వాళ్ళు చెప్పినంతా రాసుకొస్తే మీ ఆఫీసువాళ్ళు ఏమనుకుంటారు? మేస్త్రీ కూతురికి బేరం చాతకాదనుకోరూ? ఎనిమిది వారాలు నీ పరువు నిలబెట్టాను" అన్నాడు.

అక్కడే, ఆ నూనె కొట్టు ముందే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుంటూ, జాబితాలో తర్వాతి కొట్టు పేరు పైకి చదువుతున్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు చూస్తూ, ఈ ఊరి పెన్షన్లన్నీ నీ బేరాలతో తెగ్గోశావు అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. "ఇక కాలు నయమైందిగా, ఈ వారం కాగితం కూడా మళ్ళీ నేనే రాసుకుంటాలే" అన్నాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకుని జాబితా నా చేతికిచ్చాడు.

రెండు రోజులు కర్ర పట్టుకుని పదకొండు కొట్లూ తిరిగాను. బిల్లు పుస్తకాలు తీయించి, ఎనిమిది వారాల అసలు ధరలూ తేదీలవారీగా రాసుకున్నాను. శుక్రవారం పొద్దున్నే ఆ కాగితాలు పెద్దసారు బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన పగలబడి నవ్వాడు. "మీ నాన్న గట్టివాడే. మా ఇంటి సరుకులకి పంపుతావా?" అన్నాడు.

"అంకె ఇంకా వెళ్ళలేదు కదా సార్?"

"వచ్చే వారం వెళ్తుంది. ఇవి పెట్టి అవి తీసేస్తాను. ఇంతకీ వీటితో లెక్క ఎంత వస్తుంది, వెయ్యి చూద్దాం."

ఇద్దరం కూర్చుని వేశాం. అయిదున్నర వచ్చింది. బేరం ధరలతో వేస్తే నాలుగు పాయింట్ ఎనిమిది. నేను తెచ్చిన కాగితాల మీద తేదీ వేయించి, సంతకం చేయించుకుని, ఆయన వాటిని పాత కట్టతో కలిపి బీరువాలో పెట్టాడు.

"మంచి పని చేశావు. ఇంక నిశ్చింతగా ఉండు. మీ నాన్నకి మాత్రం చెప్పకు, పెద్ద ప్రాణం, బాధపడతాడు" అన్నాడు.

నా మనసులో మాటే ఆయన నోట వచ్చింది. అంత మంచివాడు పై అధికారిగా దొరకడం నా అదృష్టం అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం మావయ్య కొట్టు మూసి ఇంటికి పోతూ మా అరుగు మీద ఆగాడు. ఆయన అడక్కముందే, "దాటింది మావయ్యా" అన్నాను.

"ఖాయమా?"

"మా అమ్మాయి చెప్పిందంటే రాతిమీద గీత. నాది హామీ" అన్నాడు నాన్న.

మర్నాడే మావయ్య ఉద్యోగం మానేశాడు. ఆ తర్వాతి రోజు పొద్దున తొమ్మిదింటికే మా అరుగు మీదకి వచ్చి, కుర్చీలో కూర్చుని, కాళ్ళు రెండూ ఎదురు కుర్చీ మీదకి చాపుకున్నాడు. కాఫీ ఇస్తే తాగాడు. నాన్న పేపరు చదివి వినిపిస్తే విన్నాడు. మధ్యాహ్నం దాకా అలా ఊరికే కూర్చుని, "ఎంత బావుందో" అని లేచి వెళ్ళాడు. అయిదు రోజులు అలాగే వచ్చి కూర్చున్నాడు.

ఆరో రోజు మిల్లు గేటు బోర్డు మీద అంకె అతికించారు. నాలుగు పాయింట్ ఎనిమిది.

నాన్న చూసొచ్చి చెబితే నేను నమ్మలేదు. సగం తిన్న కంచం వదిలేసి ఆఫీసుకి వెళ్ళాను. పెద్దసారు నన్ను చూడగానే తలుపు దగ్గరికి వేశాడు.

"కాగితాలు మార్చలేదా సార్?"

"మారుద్దామనే అనుకున్నాను. ఈలోగా పైనుంచి ఫోన్ చేసి అంకె ఎలా ఉందని అడిగారు. ఉన్నది చెప్పాను. అయిదు లోపే అని వినేసరికి అక్కడ అందరికీ నెత్తిన పాలు పోసినట్టయింది. సంతోషపడినవాళ్ళని మళ్ళీ పిలిచి ఏడిపించమంటావా?"

"పనివాళ్ళూ పెన్షన్లవాళ్ళూ కలిపి మూడు వేలమంది సార్."

"ఆ మూడు వేలమందికీ ఆగిపోయింది నీ సంతకం ఉన్న కాగితాల మీద. రాసిన చెయ్యి ఎవరిదో నేనెవరికీ చెప్పను. నువ్వు కూడా చెప్పుకోకు." గొంతు ఏమాత్రం పెంచలేదు. కవరొకటి తీసి నా ముందుకి జరిపాడు. "నీ పర్మినెంటు ఆర్డరు. పన్నెండేళ్ళకి వచ్చింది. ఇంటికెళ్ళి మీ నాన్నకి చూపించు."

కవరు విప్పి చదివాను. పర్మినెంటు అయినవాళ్ళకి కరువు భత్యం కూడా ఉంటుంది. అది మా ఊరి అంకెకి కట్టింది కాదు, దేశమంతటి అంకెకి కట్టింది. దేశం అంకె ఆ ఆరు నెలల్లో ఏడు పెరిగింది. మా ఊరి పప్పూ బియ్యమూ తిని బతికే నాకు పెరిగింది. అదే పప్పూ బియ్యమూ తినే మావయ్యకి పెరగలేదు.

ఆ కవరు ఆయన ముఖాన కొట్టి వచ్చానని చెప్పుకోవాలని ఉంది. కొట్టలేదు. మడిచి సంచీలో పెట్టుకున్నాను. నన్ను నమ్మించి గొంతు కోశాడని ఆయన్ని తిట్టుకుంటూనే, ఆయన ఇచ్చింది పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇంట్లో నాన్న వేరే లెక్కలో ఉన్నాడు.

"నువ్వు రాసిన నాలుగు నెలలూ తప్పుండదు. నేను రాసిన రెండు నెలలూ తప్పుండదు. అంటే మధ్యలో ఎవడో దిద్దాడు. నా చేతిరాత నాకు తెలియదా? కాగితాలు చూపించమంటాను. ఒక్క అంకె దిద్దినా పట్టుకుంటాను" అన్నాడు.

"నాన్నా, ఎందుకు వెళ్ళడం?"

"ఎందుకేమిటి? వాడు నా హామీ మీద మానేశాడు."

మర్నాడు పొద్దున పదింటికి నలభై మంది పెద్దవాళ్ళు మా ఆఫీసు వరండాలోకి వచ్చారు. అందరికంటే ముందు నాన్న, ఆ పక్కనే మావయ్య. ఇస్త్రీ చొక్కాలు, తుడిచిన కళ్ళద్దాలు. అరుపులూ లేవు, కేకలూ లేవు. నాన్న మాత్రం గట్టిగా, స్పష్టంగా అన్నాడు. "ధరలు రాసిన కాగితాలు మాకు చూపించండి. చూసుకుని వెళ్ళిపోతాం."

ఆఫీసులో ఉన్న ఆరుగురూ నా వైపు చూశారు, మేస్త్రీ కూతుర్ని నేనని అందరికీ తెలుసు. పెద్దసారు ఏమాత్రం తడబడలేదు. "తప్పకుండా. దాచుకోడానికేముంది?" అని, నా వైపు తిరిగి తాళంచెవి ఇచ్చాడు. "ఆ కట్ట పట్టుకురా అమ్మా. పై కాగితాలు చాలు."

లోపల గదిలోకి వెళ్ళి బీరువా తెరిచాను. కట్ట తీశాను. పైన నాన్న గుండ్రటి అక్షరాలు. కింద నా కాగితాలు, ఆయన బీరువాలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటిని తీసి పక్కన పెట్టడానికి ఒక క్షణం పడుతుంది. తియ్యలేదు. ఇది ధైర్యమని అప్పుడు అనుకున్నాను. నేను చెప్పలేనిది కాగితమే చెబుతుందిలే, ఆ తర్వాత ఏం చెయ్యాలో నాన్నే చూసుకుంటాడు అనుకున్నాను. చిన్నప్పుడు స్కూల్లో తక్కువ మార్కులొచ్చినప్పుడు కూడా కాగితం బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

మొత్తం కట్ట తెచ్చి నాన్న చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మొదటి కాగితం చూశాడు. తర్వాతది చూశాడు. ఒక్క దిద్దుబాటు లేదు. తన చెయ్యే. నుదురు ముడిపడింది. తొమ్మిదో కాగితం తిప్పేసరికి నా రాత వచ్చింది. అవే కొట్లు, అవే వారాలు, అవే వస్తువులు. నూనె దగ్గర ఆయనది నూట యాభై రెండు, నాది నూట అరవై. వేలు పెట్టి పైనుంచి కింది దాకా చదివాడు. మళ్ళీ వెనక్కి తిప్పి తన కాగితం చూశాడు. చివర నా సంతకం, దాని కింద తేదీ. ఆ తేదీ దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

పెద్దసారు మెడ చాచి చూసి, నా కాగితాలు గుర్తుపట్టాడు. ఆ కట్ట నాన్న ఎత్తి వెనక్కి చూపిస్తే చాలు. అయిదున్నర రుజువుతో సహా అక్కడే ఉంది. అందరికీ డీఏ వస్తుంది. నా ఉద్యోగం ఆ క్షణమే పోతుంది, దొంగ సంతకాలు పెట్టినందుకు ఆ పైన ఏమవుతుందో తెలియదు. నాన్న తల ఎత్తి నన్ను చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"ఏమైంది మేస్త్రీ? దిద్దారా?" అని వెనకనుంచి మావయ్య అడిగాడు.

నాన్న కాగితాలు అంచులు సరిచేసి కట్ట మూసి నా చేతికిచ్చాడు.

"లేదు. సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు.

"సరిగ్గా చూశావా?"

"చూశాను. పదండి."

మేస్త్రీ చూశానన్నాక ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు. మావయ్య గోడ పట్టుకుని దిగాడు. పెద్దసారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకుని, కట్ట నా చేతిలోంచి లాక్కున్నాడు.

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి నాన్న అరుగు మీద లేడు. లోపల, వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ కాగితాల మీది తారీఖుకి వాడింకా ఉద్యోగం మానలేదు" అన్నాడు.

"పెద్దసారు మారుస్తానన్నారు నాన్నా. నమ్మాను."

"నువ్వు ఆయన్ని నమ్మావు. నేను నిన్ను నమ్మాను. వాడు నన్ను నమ్మాడు." నా వైపు తిరిగాడు. "నా బేరం సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"బాధపడతావని."

"పడేవాణ్ణి. వెళ్ళి వాడికి చెప్పుకునేవాణ్ణి. వాడు నన్ను నాలుగు తిట్టి, ఉద్యోగం మానకుండా ఉండేవాడు. తిట్లతో పోయేది కదే."

నేను ఏడుస్తూ, రేపే వెళ్ళి అందరికీ చెప్పేస్తానన్నాను.

"ఇప్పుడు చెబితే, ఇవాళ వాడి ముఖంలోకి చూసి నేను చెప్పింది అబద్ధమని తేలుతుంది. నలభై ఏళ్ళలో వాడితో నేనాడిన అబద్ధం అదొక్కటే. నువ్వు చెప్పాల్సింది తెచ్చి నా చేతిలో పెట్టావు. నేను నిన్ను బజారున పెట్టలేనని తెలిసే పెట్టావు." ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు భయం వేసింది. "చెప్పకు" అని లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు లేవని కాదు. అన్నం పెట్టమంటాడు, తలుపు వెయ్యమంటాడు. పర్మినెంటు ఆర్డరు చూపిస్తే, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, "మంచిది" అని తిరిగి ఇచ్చాడు.

మావయ్య మళ్ళీ బట్టల కొట్టుకి వెళ్ళి అడిగాడు. యజమాని ఆయన పాదాల వంక చూసి, రోజంతా నిలబడగలిగే మనిషి కావాలి, మీ వల్ల కాదులే తాతగారూ అన్నాడట. ఈ మాట నాన్నకి తెలిసింది. ఆయన వెళ్ళి ఆ యజమానితో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. పొద్దున పూట నాన్న, మధ్యాహ్నం నుంచి మావయ్య, ఇద్దరికీ కలిపి ఒకటే జీతం, అది మావయ్య చేతికి ఇచ్చేటట్టు ఒప్పందం కుదిరింది. ఇంట్లో ఏమీ తోచడం లేదు, అందుకే చేరానని మావయ్యతో చెప్పాడట. మావయ్య నమ్మాడు.

నాకు ఇవన్నీ తర్వాత తెలిశాయి, అప్పట్లో ఎవరూ చెప్పలేదు. వేసవి అయిపోయి తొలి వాన పడిన మంగళవారం నాడు, పది కొట్లూ ముగించుకుని దుప్పటి ధర కోసం ఆఖరి కొట్టుకి వెళ్ళాను. అద్దాల తలుపు దగ్గర నీలం చొక్కా తొడుక్కుని మా నాన్న నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకీ తలుపు లాగి పట్టుకుని, ఒక మాట అనాలని ఆ కొట్టు పద్ధతి.

నన్ను చూసి ఆయన తలుపు లాగి పట్టుకున్నాడు.

"రండి" అన్నాడు.

లోపలికి వెళ్ళాను. దుప్పటి ఎంత అని అడిగాను. బల్ల అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన మళ్ళీ తలుపు తెరిచి పట్టుకుని, నా వెనక వస్తున్నవాళ్ళ కోసం పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మళ్ళీ రండి" అన్నాడు.